చెంచాడు నీళ్ళు

మేడం పోయారని వాళ్ళమ్మాయి ఆదివారం పొద్దున ఫోన్ చేసి చెప్పింది. గుంటూరులో, నిద్రలోనే, ఏ బాధా లేకుండా వెళ్ళిపోయారట. ఆ మాట వింటూ నేను వంటింటి కిటికీలో ఉన్న గాజు సీసా వైపే చూస్తున్నాను. మూడు రోజులుగా దాని లోపల చెమ్మ పట్టడం లేదు. ఏం చెయ్యాలో మేడంనే అడుగుదామని శనివారం ఫోన్ తీసి, ఎవరిదో బర్త్‌డే పార్టీకి టైమైపోతోందని రేపు చేద్దాంలే అనుకున్నాను. ఆ రేపు వచ్చేసరికి మేడం లేరు. నా బద్ధకాన్ని ఎంత తిట్టుకున్నా తక్కువే.

మేడం మాకు బంధువు కాదు. 2009లో, ఇక్కడ అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా కింది ఫ్లాట్‌లో ఉండే వాళ్ళమ్మాయి దగ్గరికి ఆరు నెలలు ఉందామని వచ్చారు. ఆడపిల్లల కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు. ఆదివారం తెలుగు చర్చికి వెళ్ళొచ్చి, తెల్లచీర మార్చుకోకుండానే మా ఇంటికి టీకి వచ్చేవారు. నేనప్పుడు డిపెండెంట్ వీసా మీద ఉన్నాను. ఉద్యోగం చేయకూడదు, కారు నడపడం రాదు. మావారు ఆఫీస్‌కి వెళ్ళాక ఇంట్లో మిగిలేది నేనూ, చలికి ఎండిపోతున్న నా తులసి మొక్కా.

"బయట చలి, లోపల హీటర్ గాలి. పాపం అదేం చేస్తుంది? నీకు బతికే మొక్కలు నేను చూపిస్తాలే అమ్మాయ్. వాటికి ఇంట్లోనే ఇంకో ఇల్లు కట్టాలి," అన్నారు మేడం.

దాన్ని ఇక్కడివాళ్ళు టెర్రేరియం అంటారని తర్వాత తెలిసింది. మేడం మాత్రం సీసా తోట అనేవారు. గోంగూర పచ్చడి అయిపోయిన పెద్ద సీసా కడిగి ఇస్తే, వాసన చూసి వెనక్కిచ్చారు. మూడోసారి కడిగితే గానీ పాస్ కాలేదు. అడుగున గులకరాళ్ళు, వాటి మీద చేపల తొట్టెలకి వాడే బొగ్గు, ఆపైన మట్టి. అపార్ట్‌మెంట్స్ వెనక చెట్ల కింద నుంచి తెచ్చిన నాచు, నర్సరీలో కొన్న బుల్లి ఫెర్న్ మొక్క. హోటల్ నుంచి తెచ్చుకున్న నూడుల్స్‌తో వచ్చిన చాప్‌స్టిక్స్‌తో వాటిని లోపలికి దించి, నాలుగు చెంచాల నీళ్ళు పోసి మూత పెట్టించారు.

"ఇక దీని జోలికి పోకు. ఆ నీళ్ళే ఆవిరై గాజుకి పట్టి, మళ్ళీ మట్టిలోకి దిగుతాయి. నువ్వు చూస్తూ ఉండు, చాలు."

చూస్తూ ఊరుకోవడమే నాకు చేతకాలేదు. చదివేవాళ్ళు నవ్వుకుంటారు గానీ, తులసి పోయింది కదా, స్నానం చేశాక నీళ్ళు పోయడానికి నాకేదో ఒక మొక్క ఉండాలి. రోజూ మూత తీసి పూజ చెంబులోంచి కాసిని పోశాను. శుక్రవారం చిటికెడు పసుపూ కుంకుమా కూడా వేశాను. రెండు వారాలకి సీసా నిండా బూజు, కుళ్ళు వాసన. మేడం మూత తీసి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని తొంగి చూశారు. కుంకుమ కనబడింది. నవ్వాపుకోలేక సోఫాలో కూలబడ్డారు.

"పూజ ఎక్కువై చచ్చిందే పాపం!"

నేనూ నవ్వాను. ఆ వెంటనే ఏడుపొచ్చింది. బీకాం ఫస్ట్‌క్లాస్‌లో పాసైన దాన్ని, ఒక సీసాని కూడా చూసుకోలేని దాన్నయ్యానని. మేడం ఓదార్చలేదు. మర్నాడు రబ్బరు రింగున్న మూతతో కొత్త సీసా ఒకటి, గుంటూరు నుంచి తెచ్చుకున్న రికార్డు పుస్తకం ఒకటి పట్టుకొచ్చారు. ఒకవైపు గీతలు, ఒకవైపు బొమ్మకి తెల్లకాగితం, మన కాలేజీల్లో ఉండేదే. ఈసారి నీళ్ళు ఆవిడే పోసి మూత బిగించారు. రోజూ పొద్దున చెమ్మ ఎంతవరకు పట్టిందో, ఏ ఆకు విప్పుకుందో నేను రాయాలి, బొమ్మ వెయ్యాలి. ఆదివారం టీ తాగుతూ ఎర్ర పెన్నుతో దిద్దేవారు.

"లేబుళ్ళేవి? గీత స్కేలుతో కొట్టమని ఎన్నిసార్లు చెప్పాలి?"

"నేనేమన్నా పరీక్ష రాస్తానా మేడం?"

"నీకు చేతులు ఊరుకోవు. కళ్ళకి పని చెప్తే అవే ఊరుకుంటాయి."

నిజంగానే ఊరుకున్నాయి. ఆ చలికాలం పొద్దున్నే లేవడానికి నాకొక పని దొరికింది. అందుకు ఆవిడకి ఎన్ని దణ్ణాలు పెట్టినా సరిపోదు. ఆవిడ ఇండియా వెళ్ళిపోయారు, నా వీసా మారి ఉద్యోగంలో చేరాను, పాప పుట్టింది. ఆ సీసా మూత మాత్రం తీయలేదు. ఐదేళ్ళూ మేడం పోసిన నీళ్ళే లోపల తిరుగుతూ ఫెర్న్‌ని బతికించాయి. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ ఆ సంగతి గొప్పగా చెప్పేదాన్ని.

ఇప్పుడు ఆ రబ్బరు పాతబడి చీలింది. చెమ్మ పోయింది, ఆకుల కొసలు గోధుమరంగుకి తిరిగాయి. నీళ్ళు పోయకపోతే మొక్క దక్కదు. పోస్తే అవి నా నీళ్ళు అయిపోతాయి. మేడం చేతి నీళ్ళు నా దగ్గర మిగిలినవి అవే కదా అని, ఆ రోజంతా సీసాని ముట్టుకోలేకపోయాను.

సాయంత్రం వాళ్ళమ్మాయి ఎయిర్‌పోర్ట్ నుంచి మళ్ళీ ఫోన్ చేసింది. "నీకో మాట చెప్పాలి. అమెరికాలో నాకో స్టూడెంట్ ఉంది, రికార్డు నీట్‌గా రాస్తుందని అమ్మ అక్కడ అందరికీ చెప్పుకునేదట."

ఫోన్ పెట్టేసి అల్మరాలోంచి రికార్డు తీశాను. మొదటి పేజీలో, వంకరగా వేసిన నా బొమ్మ కింద, ఎర్ర సిరాతో ఉంది: "మూడు రోజులు చెమ్మ లేకపోతే ఒక చెంచా. ఆలోచించకు, పొయ్యి." అవసరం రాక ఐదేళ్ళుగా మరిచిపోయాను. శనివారం నేను అడగాలనుకున్నది ఆవిడ ఎప్పుడో చెప్పేశారు.

ఇంట్లో ఉన్న ఇంకో సీసా రబ్బరు దీనికి తొడిగి, చెంచాడు నీళ్ళు పోశాను. చుక్క కూడా ఒలకలేదు. మూత బిగించి, రికార్డులో స్కేలుతో గీత కొట్టి, తేదీ వేసి రాశాను.

మర్నాడు పొద్దున మా నాలుగేళ్ళ పాప కిటికీ దగ్గర నిలబడి వేలితో సీసా తుడుస్తోంది. ఎంత తుడిచినా చెమ్మ పోవడం లేదు.

"అమ్మా, రెయిన్ లోపల ఉంది," అంది.