చొక్కా మీద పసుపు

అతని నవ్వు గుర్తొస్తే నాకిప్పటికీ దిగులే. ఆర్మూర్ మార్కెట్‌లో నేను గుమస్తాగా ఉన్న దుకాణంలోనే అతను పసుపు కొమ్ములు విరిచి లోపలి రంగు చూసేవాడు. పని కాగానే ఇద్దరం సినిమాకు పోయేవాళ్లం. ఆ రోజుల్లో తెరమీద ఒక మగవాడు ఇంకో మగవాణ్ని ఇష్టపడ్డాడంటే అది కామెడీ సీనే. హాలంతా ఈలలు. అందరికంటే గట్టిగా అతనే నవ్వేవాడు. నవ్వుతూ నాకు కొంచెం దూరం జరిగేవాడు.

ఒకసారి ఒక హిందీ సినిమాలో తల్లి తన కొడుకునీ, వాడు ప్రేమించిన అబ్బాయినీ పక్కపక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టింది. ముందు వరసలో ఎవడో ఈల వేశాడు. మా వెనక కూర్చున్న ముసలామె కసిరింది: "ఊకో కొడ్కా, వాళ్లను తిననియ్యి."

ఈల ఆగిపోయింది. అతను నవ్వలేదు. మెల్లగా నా భుజం మీద చెయ్యేశాడు.

ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగాయి. నా తెల్లచొక్కా మీద అయిదు పసుపు వేళ్లు. అతను గబగబా తన తువ్వాల నా భుజాన కప్పాడు.

"సబ్బు పెట్టకు, ఎర్రగైతది. రేపు ఎండల ఆరెయ్యి, మరక పోతది. ఎవలన్న జూస్తే ఇజ్జత్ పోతది."

మర్నాడు ఎండ బాగానే కాసింది. నేను చొక్కాను ఇంట్లోనే, నీడన ఆరేశాను.