కమ్మలు ఎక్కడ దొరికాయి

2011 సెప్టెంబర్‌లో నేను రేగొండ దాటాక అడవి వైపున్న ఒక మండలంలో స్టేషన్ రైటర్‌గా పనిచేస్తున్నాను. ఇప్పుడది భూపాలపల్లి జిల్లా, అప్పుడు మాకు వరంగలే జిల్లా. హోదాకు హెడ్ కానిస్టేబుల్‌ని. రైటర్ అంటే కథలు రాసేవాడు కాదు. ఫిర్యాదులు రాసుకోవడం, రికార్డులు చూడటం, స్టేషన్‌లో జరిగిన ప్రతిదీ వేళతో సహా జనరల్ డైరీ అనే పుస్తకంలో ఎక్కించడం అతని పని. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన రోజులవి. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి. ఎస్సై గారూ సిబ్బందీ బందోబస్తుకు పోతే స్టేషన్‌లో నేనూ, గేటు దగ్గర సెంట్రీ మాత్రమే మిగిలేవాళ్లం.

నాది తరిగొప్పుల. భార్యాపిల్లలు జనగామలో ఉండేవారు. రాష్ట్రం రావాలని నాకూ ఉండేది కానీ ఖాకీ వేసుకున్నవాడు ఆ మాట పైకి అనే వీల్లేదు. ఊళ్లో నన్నెవరూ తిట్టలేదు. స్టేషన్ ఎదురుగా టీ కొట్టు నడిపే ఆయన అంతకుముందు నేను కాస్త ఆలస్యంగా వస్తే చాలు, "ఏంది రైటర్ సాబ్, ఇప్పుడు లేసినవా?" అని ఆటపట్టించేవాడు. సమ్మె మొదలయ్యాక గ్లాసు బల్ల మీద పెట్టి, "తీస్కోండి సార్" అని లోపలికి పోయేవాడు. రోజుకు మూడుసార్లు పోయేవాణ్ని, మూడుసార్లూ ఆ ఒక్క మాటే. అంత మర్యాద నా సర్వీసులో ఎప్పుడూ దక్కలేదు, అంత ఒంటరిగానూ ఎప్పుడూ లేను.

అలాంటి ఒక ఉదయం మల్లయ్య అనే రైతు పన్నెండేళ్ల కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల పేరు రమ. తల్లి పోయిన రెండేళ్లకు అతను సరోజనను చేసుకున్నాడు, వాళ్లిద్దరికీ నాలుగేళ్ల కొడుకు. రమ మొదట సరోజన పట్టగొలుసులు దొంగతనంగా తీసిందట, తర్వాత తమ్ముడి వెండి మొలతాడు. రెండూ ఇంట్లోనే దొరికాయి. ఫిర్యాదు వద్దన్నాడు. "జర గట్టిగ భయం చెప్పుండ్రి సార్. ఇంకోపారి అయితే మానుకోటల మేనమామ ఇంట్ల ఇడిసిపెట్టి వస్త. ఇగ ఆడనే ఉంటది" అన్నాడు.

భయం చెప్పించడం మా వైపు పాత అలవాటు. పిల్లలు చెప్పిన మాట వినకపోతే తీసుకొచ్చి పోలీసు ముందు నిలబెడతారు. చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్లల్ని యూనిఫాంలో విచారించకూడదు, లాకప్ దగ్గరికి తేకూడదు. కానీ ఈ తంతు ఏ రికార్డులోనూ ఎక్కదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. మూలనున్న లాఠీ తెచ్చి బల్ల మీద పెట్టాను. లాకప్ తలుపు చప్పుడయ్యేలా తీసి వేశాను. గొంతు పెంచి పేరు, ఊరు అడిగి నాలుగు తిట్లు తిట్టాను.

ఏ పిల్లయినా ఆ పాటికి నేల చూస్తుంది, లేదా తండ్రి వెనక్కి పోతుంది. రమ నా మొహంలోకే చూస్తూ చివరిదాకా విన్నది. నాకది పొగరులా తోచింది. పోయేముందు మల్లయ్యతో, పిల్ల మొండిది, జాగ్రత్త అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పన్నెండు రోజులకు మళ్లీ వచ్చారు. ఈసారి సరోజన కూడా వచ్చింది. ఆమె బంగారు కమ్మలు పోయి, దొరికాయి. మీరే మొండిదన్నారు కదా సార్, బస్సులు నడవగానే మానుకోటకు తోలేస్తానని మల్లయ్య తేల్చి చెప్పాడు. నా నోటి మాటే అతనికి తీర్పయింది. పిల్లకు ఇల్లు దూరం కాబోతోంది, అందులో నా చేయి ఉంది. సిగ్గేసింది.

లోపలికి పోయి యూనిఫాం తీసి మామూలు చొక్కా వేసుకొచ్చాను. మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగాను. సొత్తు ఎక్కడ దొరికింది? దొంగతనం ఏదైనా మాకు శిక్షణలో నేర్పే మొదటి ప్రశ్న అది. పట్టగొలుసులు రమ బడి సంచిలో పుస్తకాల మీద దొరికాయి. మొలతాడు ఆమె పక్కబట్టల్లో. కమ్మలు తాళం లేని ఆమె పెట్టెలో, బట్టలన్నిటికీ పైన. ముప్పై ఏళ్లలో ఎన్నో రికవరీలు చూశాను. గడ్డివాములో, బావి గట్టున, పొయ్యి బూడిదలో తవ్వి తీశాను. మూడుసార్లూ తన సామాన్ల మీదే పెట్టుకున్న దొంగను చూడలేదు.

దొరికినప్పుడు ఏమన్నావని సరోజనను అడిగాను.

"నేనేమన్లె సార్. తీసి లోపల పెట్టుకున్న. ఒక్క మాటంటె వాడకట్టంత సవతి తల్లి బుద్ధి సూపిచ్చింది అంటరు. ఏడేండ్లాయె, ఒక్కనాడు నా నోటెంట మాట రాలె."

ఆమె అది గొప్పగానే చెప్పింది. నిజంగానే కష్టపడి అలా ఉంది. నాకు మాత్రం బల్ల మీద గ్లాసు పెట్టి లోపలికి పోయే టీ కొట్టాయన గుర్తొచ్చాడు. రమను దగ్గరికి పిలిచి, ఎందుకు తీశావమ్మా అని అడిగాను.

"తమ్ముడు ఏం జేసినా చిన్నమ్మ తిడ్తది. నన్ను ఏమనది. చుట్టాలకు పెట్టినట్టు అన్నం పెట్టి పోతది."

మల్లయ్య తల దించుకున్నాడు. మొండిది అన్న మాట తప్పని, వెనక్కి తీసుకుంటున్నానని అతనితో చెప్పాను. తర్వాత సరోజన వైపు తిరిగి, కమ్మలు నీవి, అడగాల్సింది నువ్వు, నేను కాదన్నాను. ఆమె కొంగు నడుముకు చెక్కి రమ వైపు తిరిగింది.

"నా కమ్మలు నీకెందుకే? పెట్టుకోవాల్ననుంటె అడగరాదా, నేను వద్దంటనా? చిన్న పోరడు, వాని మొలతాడు దేనికి తీసినవ్? ఇంకోపారి ముట్టుకో, చెప్త నీ సంగతి!"

రమ ఏడ్చింది. నా లాఠీకి రాని ఏడుపు అది. సరోజన తిడుతూనే ఆమె ముక్కు తుడిచింది, తుడుస్తూ మళ్లీ తిట్టింది. గేటు దాటి చాలా దూరం పోయేదాకా ఆ గొంతు వినిపించింది. ఇంటి విషయమై దంపతులు కూతురితో వచ్చి, మాట్లాడుకుని వెళ్లారని డైరీలో రాశాను.

బస్సులు మళ్లీ నడిచిన రోజు స్టేషన్ ముందున్న స్టాపులో బస్సెక్కేవాళ్లను చూశాను. మల్లయ్య రాలేదు. ఆ వారమంతా చూశాను.

రిటైరయ్యేదాకా, భయం చెప్పమని పిల్లల్ని తెచ్చినవాళ్లను రెండు ప్రశ్నలు అడిగేవాణ్ని. సొత్తు ఎక్కడ దొరికింది, దొరికినప్పుడు ఇంట్లో ఎవరేమన్నారు. మొదటిది మా శిక్షణలో ఉంది, రెండోది లేదు. కడుపున పుట్టిన బిడ్డను ఏ గొంతుతో అడుగుతారో రమలాంటి బిడ్డనూ అదే గొంతుతో అడగాలి. అది ఇంట్లోవాళ్లు చేయాల్సిన పని, పోలీసు చేస్తే కాదు. నేను చేసి చూశాను, పన్నెండు రోజులకే కమ్మలు పోయాయి.