టీవీ బందు పెట్టిన ఏడాది

పుణెలో సెంట్రింగ్ పనికి పోయి, మూడో అంతస్తు నుంచి పడ్డాక మా ఆయన నడుము పడిపోయింది. మా ఊరు పాన్‌గల్‌లో, ఇంటి ముందు గదిలో మంచం వేశాం. ఎదురుగా నలభై మూడించుల టీవీ, పని బాగా నడిచిన రోజుల్లో ఆయనే తెచ్చింది. వార్తల్లో పుణె కనిపిస్తే చాలు, తను స్లాబు పోసిన బిల్డింగు ఎక్కడైనా కనబడుతుందేమోనని మెడ ఎత్తి చూసేవాడు.

నెలకు రెండు వందల యూనిట్ల లోపు కరెంటు కాలిస్తే సర్కారు లెక్కలో బిల్లు సున్నా. దాటితే మొత్తం కట్టాలి. ఒక ఎండాకాలం రెండు వందల నాలుగు యూనిట్లు వచ్చింది. నాకు ఒళ్లు మండింది. ఇంట్లో పొద్దస్తమానం వెలుగుతూ మోగుతూ ఉండేది టీవీ ఒక్కటే కదా. మీటరు మీద ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటుంటే ఇది దాని పనే అనుకున్నాను. ఫ్రిజ్ వైపు కన్నెత్తి చూడలేదు. తలుపు సరిగ్గా పడక తాడు కట్టిన పాత ఫ్రిజ్ అది. నీళ్ల ప్యాకెట్లు అందులో పెట్టే అమ్మేదాన్ని. నాలుగు డబ్బులు తెచ్చిపెట్టే వస్తువును ఎవరు అనుమానిస్తారు?

సాయంత్రం ఒక గంటే అని చెప్పేసి, రిమోట్ పప్పు డబ్బాలో దాచాను. నాలుగో రోజో ఐదో రోజో ఆయన మంచంలోంచి మీటరు చూపించాడు.

"టీవీ బందున్నా అది గట్లనే కొట్టుకుంటున్నది. జర జూడు."

"నీకు టీవీ గావాలె, అందుకే గిట్ల జెప్తున్నవు," అన్నాను.

మళ్లీ అడగలేదు. సంపాదన లేని మనిషికి అడిగే హక్కు లేదనుకున్నాడో ఏమో. నల్లటి తెరకేసి చూస్తూ పడుకునేవాడు. వానలు పడ్డాక బిల్లు సున్నాకి వచ్చింది. గెలిచాననుకున్నాను, నా తెలివి తగలెయ్య.

మళ్లీ ఎండలు ముదరకముందే ఆయన పోయాడు. ఆ తర్వాతి నెల టీవీ ఒక్క రోజు కూడా పెట్టలేదు. అయినా బిల్లులో రెండు వందల ఆరు యూనిట్లు. మీటరు చూసే అతనితో కొట్లాట పెట్టుకున్నాను. అతను లోపలికొచ్చి ఫ్రిజ్ ప్లగ్గు పీకాడు. ఎర్ర లైటు నెమ్మదించింది. టీవీ పెట్టాడు. లైటులో పెద్ద తేడా లేదు.

"రోజుకు ఆరు గంటలు జూసినా టీవీకి ఏడాదికి నూట యాభై యూనిట్లమ్మా. పైసలు కట్టినా ఆరు వందలు."

అతను వెళ్లాక ఆయన మంచం మీద కూర్చున్నాను. అక్కడి నుంచి టీవీ తెర కంటే మీటరే దగ్గరగా కనిపిస్తుంది. జర జూడు అన్నాడు. నేను చూడలేదు.