ఏకాదశి నాటి బ్యాగ్

మార్చి 22, శనివారం మధ్యాహ్నం మా మేడ మీది వాటాలోకి తైవాన్ నుంచి ఒక కుటుంబం వచ్చి దిగింది. ఆయన ఊరి బయట కిరుమాంబాక్కం దాటాక ఉన్న ఒక ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇంజినీరు. రెండేళ్ళ పని. ఉదయం ఏడూ పదికి వెళ్తే సాయంత్రం ఆరూ నలభైకి వచ్చేవాడు. భార్యకు ఇంగ్లీషు కొంచెం వచ్చు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి ఏడేళ్ళ రెండు నెలలు, చిన్నదానికి ఐదేళ్ళు. పిల్లలకు చైనీస్ తప్ప మరో భాష ముక్క రాదు.

రెండు వారాలకు ఆ తల్లి పిల్లలతో కిందికి వచ్చి బడివాళ్ళు ఇచ్చిన కాగితం చూపించింది. మే 14న హెడ్‌మిస్ట్రెస్ పెద్దపిల్లను పరీక్షిస్తుంది. మొత్తం ఇరవై ఐదు చిన్న చిన్న ఇంగ్లీషు మాటలు. ఆవిడ ఒక మాట పలికితే పిల్ల ఆ బొమ్మ తీసి చూపించాలి, ఆ మాట తిరిగి పలకాలి. ఇరవై సరిగ్గా వస్తే ఒకటో తరగతి. రాకపోతే యు.కె.జి. ఆ యు.కె.జి.లో చిన్నదానికి అప్పటికే చోటు ఖాయమైంది.

అంటే పెద్దది పరీక్ష తప్పితే ఏడాది పొడుగునా చెల్లెలి పక్కన, ఒకే బెంచీ మీద కూర్చోవాలి. పెద్దపిల్ల వయసుకు మించిన పొడుగు. తల్లి ఈ సంగతి చెబుతున్నంతసేపూ ఆ పిల్ల స్తంభానికి ఆనుకుని, శిక్ష వినే మనిషిలా నిలబడింది. చిన్నది మాత్రం మా ఉయ్యాల బల్ల ఎక్కి, ఓ పక్కకు జరిగి, ఖాళీ చోటును అరచేత్తో తట్టి అక్కను పిలిచింది. బెంచీ మీద అక్కకు అప్పుడే చోటు పట్టేసిందన్నమాట. ఆ తట్టడం అప్పటి నుంచి పరీక్ష నాటి వరకు రోజూ సాగింది.

నేను ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఈ తమిళ ఊళ్ళో బాలికల బడిలో ముప్పై ఒక్క సంవత్సరాల నాలుగు నెలలు చిన్న తరగతులకు ఇంగ్లీషు చెప్పాను. రిటైరై పదమూడేళ్ళు. ఆ కాగితం చూడగానే కొత్త నోటుపుస్తకం తీసి గళ్ళు గీశాను: తేదీ, మాట, ఎన్నిసార్లు పలికింది, ఎన్నిసార్లు ఒప్పు. చివర ఒక వెడల్పు గడి, విశేషాలకు. నేను తెలుగు లిపిలో రాస్తాను. మా కోడలు ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది గానీ చదివింది తమిళమూ ఇంగ్లీషూ. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. కాబట్టి విశేషాల గడిలో నేను ఏదైనా ధైర్యంగా రాసుకోవచ్చు.

పాఠం ఏప్రిల్ 7, సోమవారం మొదలైంది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఐదుంపావు వరకు, శని ఆదివారాలు సెలవు. రోజుకు రెండు మాటలు, చివరి రోజుకు ఒకటి. ఆ లెక్కన పదమూడు పాఠాలు.

ఇంగ్లీషు హ్రస్వాలు ఐదూ ఆ పిల్లల నోట్లో కుదురుగా నిలిచేవి కావు. సిట్ అంటే సీట్ అయ్యేది. బెడ్‌కూ బ్యాడ్‌కూ తేడా ఉండేది కాదు. మాట చివరి హల్లును మింగేసేవాళ్ళు. నేను స్టీలు గ్లాసు మీద చెంచాతో ఒక దెబ్బ కొట్టేదాన్ని. దెబ్బ ఒకటే, అచ్చు కూడా అంతసేపే. బెడ్‌కు పళ్ళ మధ్య ఒక వేలు పట్టేంత నోరు తెరవాలి, బ్యాడ్‌కు రెండు వేళ్ళు. చేతి అద్దంలో చూసుకుని కొలుచుకోవాలి. పెద్దది ఒళ్ళు దగ్గర పెట్టుకుని కొలుచుకునేది. చిన్నదానికి పరీక్ష లేదు, అయినా పాఠానికి వచ్చి నాలుగు వేళ్ళు నోట్లో పెట్టుకుని అద్దంలో తనను తాను చూసుకుని మురిసేది.

ఒక్క విషయంలో అప్పుడే నాకు అనుమానం రావలసింది. పిల్లలిద్దరూ నన్ను ‘అత్తా’ అని పిలవడం మొదలుపెట్టారు. మా కోడలు వంటింట్లోంచి పిలిచే పిలుపు అది. ఆమె ‘అత్’ దగ్గర బరువు వేసి, ‘తా’ను నిట్టూర్పులా కిందికి దించుతుంది. పిల్లలూ ఆ బరువు, ఆ నిట్టూర్పు ఏమాత్రం తగ్గకుండా పిలిచేవాళ్ళు. నన్ను వెక్కిరిస్తున్నారనుకుని రెండుసార్లు కళ్ళెర్రజేశాను. అది వెక్కిరింత కాదు. వాళ్ళకు ఆ మాట అంతే.

ఏప్రిల్ 23కు ఇరవై ఐదు మాటలూ అయ్యాయి. 24 నుంచి 28 వరకు మూడు రోజులు పునశ్చరణ. మూడు రోజులూ పెద్దదానికి ఇరవై ఐదుకు ఇరవై ఐదు వచ్చాయి. పుస్తకంలో అడుగున ఎర్ర సిరాతో గీత గీశాను. నా ఉద్యోగకాలంలో ఆ గీత గీసింది నాలుగే నాలుగు సార్లు.

29న కిరుమాంబాక్కంలో బంధువుల పెళ్ళికి వెళ్ళవలసి వచ్చి, పాఠం కోడలికి అప్పగించాను. రాత్రి వచ్చి చూస్తే కోడలు ఒక చీటీ మీద రాసి పెట్టింది: ఇరవై ఐదుకు తొమ్మిది.

నేను నమ్మలేదు. పొద్దున కాఫీ దగ్గర అడిగాను.

“బ్యాగ్‌కి నోరు రెండు వేళ్ళు తెరిచినావా?”

“నాలుగు వేళ్ళు తెరిచినా అత్తా. ఆ పిల్ల నా పక్క జాలిగా చూసింది.”

తప్పు కోడలిదేనని తేల్చుకుని, ఆ సాయంత్రం ఆమె ఎదురుగానే పిల్లను పరీక్షించాను. నేను అడిగితే మళ్ళీ ఇరవై ఐదుకు ఇరవై ఐదు. గర్వంగా కోడలి వైపు తిరిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

“ఏంది నవ్వు?” అన్నాను.

“ఆ పిల్ల బ్యాగ్ అనింది చూడండి. బిందె ఎత్తి పడేసినట్టు. అది ఎవురి గొంతో తెలీలేదా మీకు?”

“ఎవురిది?”

“మీదే. ఏకాదశి నాడు నా మీద అరస్తారే, అచ్చం ఆ మాదిరి ఉండాది.”

నేను పిల్లను మళ్ళీ బ్యాగ్ అనమన్నాను. పిల్ల కనుబొమలు దగ్గరికి లాగి, గొంతు పైనుంచి కిందికి విసిరి, ‘బ్యాగ్’ అంది. కప్ అనమన్నాను. దాన్ని మాత్రం నిద్రపోయే బిడ్డను లేపినంత మెత్తగా అంది. పిన్ అన్నప్పుడు ఎవరినో అనుమానిస్తున్నట్టు చివర పైకి లేపింది.

పుస్తకం తీశాను. కోడలు పక్కనే కూర్చుని విశేషాల గడి చదవమంది. ఇన్నేళ్ళలో మొదటిసారి నా రాత నేనే పైకి చదవవలసి వచ్చింది. బ్యాగ్ నేర్పింది ఏప్రిల్ 8న. ‘ఏకాదశి. ఉపవాసం. కోడలు చింతపండు ఎక్కువ నానబెట్టింది. రెండు మాటలు అన్నాను.’

“రెండేనా?” అంది కోడలు.

పిన్ నేర్పింది 15న. ‘నీళ్ళ మోటారు ఆగింది. బాగుచేసిన మనిషి చెప్పిన కారణం నమ్మదగినదిగా లేదు.’ కప్ నేర్పింది 21న. ‘కంటి డాక్టరు ఆపరేషన్ అవసరం లేదన్నాడు. మనసు తేలికగా ఉంది.’ వరసగా అన్నీ చూశాను. ఇరవై ఐదు మాటలకు ఇరవై ఐదూ ఆయా తేదీల నా కోపతాపాలతో సరిపోయాయి. లెక్క ఇంత కచ్చితంగా సరిపోవడం నాకు సంతోషం కలిగించాలి. కలిగించలేదు.

పిల్లల తల్లిని పిలిచి అడిగాం. ఆమె వచ్చీరాని ఇంగ్లీషులోనే వివరంగా చెప్పింది. వాళ్ళ భాషలో గొంతు ఎత్తు దించు మాటలో భాగమట. పైకి లేపితే ఒక మాట, కిందికి విసిరితే వేరే మాట, ఎత్తూ దించూ లేకుండా సాగదీస్తే ఇంకొకటి. కాబట్టి పిల్ల చెవి అచ్చుతో పాటు నా విసుగును కూడా పట్టుకుని దాచుకుంది. కోడలు మెత్తగా బ్యాగ్ అంటే అది పిల్లకు ఎప్పుడూ విననే వినని మాట. హెడ్‌మిస్ట్రెస్ ఏకాదశి ఉపవాసం ఉండి, చింతపండు మీద కోపంతో మాట్లాడితే తప్ప పిల్ల ఒకటో తరగతి గడప తొక్కదు.

పరీక్షకు ఇంకా పది పాఠాలు ఉన్నాయి, ఏప్రిల్ 30తో కలిపి. అన్ని మాటల్నీ అన్ని గొంతుల్లో వినిపించాలని నిర్ణయించాను. మొదట నేనే మొదలుపెట్టాను. ప్రతి మాటనూ కోపంగా, ప్రశ్నగా, బుజ్జగింపుగా మూడు రకాలుగా చెప్పి అదే బొమ్మ చూపించాలి. కోపమూ ప్రశ్నా ఒక్కసారికే వచ్చాయి. బుజ్జగింపు రాలేదు. కోడలు నా గురువు అయ్యింది.

“కాఫీలో చక్కెర చాలదన్నట్టు ఉండాది అత్తా. కొంచెం నవ్వండి.”

నవ్వాను. చిన్నది భయపడి తల్లి వెనక్కి వెళ్ళింది. పెద్దపిల్ల మాత్రం నా చేతిలో చేతి అద్దం పెట్టి, తన మొహంతో ఎలా నవ్వాలో చూపించింది. నాకు అది పట్టుబడటానికి మూడు పాఠాలు పట్టింది. పుస్తకంలో రాసుకున్నాను.

తర్వాత బయటి గొంతులు. పూలమ్మే ఆమె సాయంత్రం మా వాకిట్లో బుట్ట దించితే మూర కొలిచేలోగా ఐదు మాటలు చెప్పించేదాన్ని. ఆమె పెన్‌ను పెన్ను అనేది, బెడ్‌ను బెడ్డు అనేది. నేను ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లల నోటినుంచి ఊడబెరికిన ఉకారాన్ని ఆమె ప్రతి మాటకూ పూలు గుచ్చినంత సులువుగా గుచ్చేది. ఎదురింట్లో ఫ్రెంచి సైన్యంలో చేసి పెన్షన్ తీసుకుంటున్న పెద్దాయన ఉన్నాడు. ఆయన సంతోషంగా వచ్చి చొక్కా గుండీలు సర్దుకుని కూర్చుని, హెన్‌ను ఎన్ అన్నాడు. హ అక్షరం ఆయన ఫ్రాన్సులోనే వదిలి వచ్చాడు. సవరించబోతే, తాను పారిస్‌లో కూడా ఇలాగే అన్నానని, అక్కడ కోడి తెచ్చి ఇచ్చారని అన్నాడు. నేను పళ్ళు బిగబట్టి చెంచా పక్కన పెట్టాను.

ఎన్ అనగానే పెద్దపిల్ల ఒక్క క్షణం ఆలోచించి కోడి బొమ్మ ఎత్తింది. ఎత్తి, తాను మాత్రం శుభ్రంగా హకారంతో హెన్ అంది. అది మే 6. ఆ రోజు ఒప్పులు ఇరవై ఐదుకు పదహారు. ఎర్ర గీత గీయదగ్గ అంకె కాదు గానీ, నేను ఆ రాత్రి మొదటిసారి బాగా నిద్రపోయాను. మే 8 ఏకాదశి. ఉపవాసం మానలేదు. పాఠం మాత్రం కోడలికి అప్పగించి గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. పందొమ్మిది వచ్చాయట. 13న ఇరవై ఒకటి.

మే 14, బుధవారం, పదిన్నరకు బడికి వెళ్ళాం. నేను, తల్లి, పిల్లలిద్దరూ. చిన్నదాన్ని బయట వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి తల్లి కాపలా ఉంది. పిల్లకు బెరుకు లేకుండా నన్ను లోపలికి రానిచ్చారు, నోరు మెదపకూడదన్న షరతు మీద.

హెడ్‌మిస్ట్రెస్ మాట పాట పాడినట్టు ఉంటుంది. ప్రతి మాటా అల మీద ఎక్కి దిగుతుంది. మా ఇంట్లో ఎవరి గొంతూ అలా లేదు, పూలమ్మే ఆమెదీ లేదు. మొదటి మాటే బ్యాగ్. ఆవిడ దాన్ని ఉయ్యాలలో ఊపి వదిలింది. పిల్ల నా వైపు చూసింది. నా కనుబొమలు వాటంతట అవే దగ్గరికి వస్తుంటే, వేలితో నుదురు సాపు చేసుకున్నాను. పిల్ల బొమ్మల మీద చెయ్యి రెండుసార్లు తిప్పి, సంచీ బొమ్మ ఎత్తింది. “బ్యాగ్” అంది. కోపం లేదు, భయం లేదు, రెండు వేళ్ళంత నోరు. ఆ తర్వాత నేను వేళ్ళ మీద లెక్కపెట్టడం తప్ప ఏమీ చేయలేదు.

ఇరవై ఐదుకు ఇరవై రెండు అని ఆవిడ కాగితం మీద వేసింది. తప్పుల్లో రెండు పిల్లవే, ఒప్పుకుంటాను. మూడోది పిల్లది కాదు. లిప్ అనవలసిన చోట హెడ్‌మిస్ట్రెస్ లీప్ అని సాగదీసింది. ఆ బొమ్మ అక్కడ లేదు కాబట్టి పిల్ల చేతులు కట్టుకుని ఊరుకుంది. షరతు ప్రకారం నేను నోరు మెదపలేదు. నా పుస్తకంలో ఇరవై మూడు అని రాసుకున్నాను.

ఒకటో తరగతి, ఎ సెక్షన్ అని ఆవిడ సంతకం పెట్టింది.

బయటికి వచ్చేసరికి వరండాలో చిన్నది బెంచీ మీద ఓ పక్కకు జరిగి, ఖాళీ చోటు అరచేత్తో తడుతోంది. పెద్దపిల్ల దాని ఎదురుగా వెళ్ళి, వీపు నిటారుగా పెట్టి నిలబడింది. కనుబొమలు ముడిచి, గొంతు పైనుంచి కిందికి విసిరి, తెలుగులో అంది.

“కాదు.”

చిన్నది తట్టడం ఆపేసింది. తల్లికి అర్థం కాకపోయినా నవ్వింది.

ఆ మాట నేను నేర్పలేదు. ఇంటికి వచ్చి పుస్తకం మొదటి నుంచి చివరి వరకు వెతికాను, ఏ తేదీనా దాని పేరు లేదు. కోడలిని అడిగాను, ఈ పిల్లకు ఆ మాట ఏ రోజు నేర్పాను అని. ఆమె పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరగకుండానే చెప్పింది.

“అన్ని రోజులూ అత్తా.”