చూస్తుండగా తీయకూడని డబ్బా

ఆనకట్టతో మునిగిపోయిన జలపాతం బొమ్మను ఆర్లో రబ్బరు ముద్రగా చెక్కి, ఒక పుస్తకంతో పాటు డబ్బాలో పెట్టాడు. శీతాకాలంలో ఆ ఆనకట్ట సరస్సులో నీళ్లు తగ్గినప్పుడు పార్కు ఒడ్డున రాయి కింద దాచాడు. అదొక ఆట: వెతికి పట్టుకున్నవాళ్లు పుస్తకంలో తమ ముద్ర వేసి మళ్లీ దాచాలి. ఆటలో లేని పరాయివాళ్లు చూస్తుండగా తీయకూడదు.

ఆర్లో పోయాక వచ్చిన వసంతంలో సరస్సు నిండసాగింది. డబ్బా మునిగేలోపే తీయాలని అతని భార్య వెర్నా పరుగున వచ్చేసరికి ఆ రాయి మీదే ఒకతను గాలం వేసుకుని కూర్చున్నాడు. ఆమె గంటసేపు బాతుల్ని చూస్తున్నట్టు నటించింది. నీళ్లు అతని బూట్లను తాకాయి.

"బాబూ, లే! దాని కింద మా ఆయన ఉన్నాడు."

"పాతిపెట్టావా ఏంటమ్మా?"

"ఆయన చేతిపనిరా! రాయి ఎత్తు ముందు!"

అతను రాయి ఎత్తగానే ఆమె డబ్బా మూత తీసింది. పుస్తకం పొడిగానే ఉంది.

"చూశావుగా, ఇక నువ్వూ మాలో ఒకడివి," అంటూ సిరా అందించింది. "నీకు ముద్ర లేకపోతే బొటనవేలిదే వెయ్యి."