రాజుగారి కాళ్ళు, నలభై ఏడో పేజీ

ఫోన్లకి ఇంకా తెలివితేటలు అబ్బని ఆ రోజుల్లో, అమెరికాకి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన తెలుగు విద్యార్థికి దేవుడి తరవాత దేవుడు సీనియర్. (సెమిస్టర్ చివర్లో ఈ వరస తిరగబడేది.) ఏ కొట్లో బియ్యం కొనాలో, ఏ ప్రొఫెసర్ చేతికి ఎముక లేదో, ఏ కోర్సు కళ్ళు మూసుకుని పాసైపోవచ్చో సీనియర్ చెప్పాలి, జూనియర్ వినాలి. చెప్పిన మనిషి ఆ కోర్సు చదివిందా అని అడగడం మర్యాద కాదు. ఇప్పటి పిల్లలు దోసె తినాలన్నా ముందు రివ్యూలు చదివి, చుక్కలు లెక్కపెట్టుకుని గాని అడుగు వెయ్యరు. మేం అలా కాదు. నూతిలో దూకమంటే లోతెంత అని అడిగేవాళ్ళం కాదు, ఎన్ని క్రెడిట్లు అని అడిగి దూకేవాళ్ళం.

నేను అప్పుడు న్యూజెర్సీలో ఒక యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్సు చదువుతున్నాను. కనీసం నాన్నతో ఫోన్లో అలాగే చెప్పేదాన్ని. మొదటి సెమిస్టర్లో రెండు 'సి'లు వచ్చాయి. డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఎంతో మర్యాదగా ఉత్తరం రాశారు, మీరు ప్రొబేషన్‌లో ఉన్నారని తెలియజేయడానికి చింతిస్తున్నాం అని. వచ్చే సెమిస్టర్‌కి జీపీఏ మూడుకి ఎక్కకపోతే పేరు కొట్టేస్తారు, పేరు కొట్టేస్తే ఎఫ్-1 వీసా పోతుంది, ఎఫ్-1 పోతే విమానం ఎక్కాలి. ఇంత సుళువుగా అర్థమయ్యే లాజిక్కు నాకు అల్గారిథమ్స్ పుస్తకంలో ఒక్కటీ తగల్లేదు.

మా సీనియరక్క ఆ ఉత్తరం చదివి, మా కుక్కర్లోంచి పప్పు వడ్డించుకుంటూ తీర్పు చెప్పింది.

"ఏడవకే. బయట డిపార్ట్‌మెంట్ నుంచి ఒక్క కోర్సు తీసుకోవచ్చు కదా? బ్యాలే అండ్ మోడర్న్ డాన్స్ హిస్టరీ అని ఉంది, అది రిజిస్టర్ చేసెయ్. ఆడక్కర్లేదు, ఊరికే ఎస్సేలు రాయడమే. హిస్టరీయే కదా, బట్టీ కొట్టెయ్, ఈజీ ఏ."

"నువ్వు తీసుకున్నావా అక్కా?" అన్నాను, మర్యాద మరిచి.

"నాకేం ఖర్మ, నాది త్రీ పాయింట్ నైన్" అంది.

ఆ కోర్సు చెప్పేవిడకి డెబ్భై ఏళ్ళుంటాయి. ఒకప్పుడు పెద్ద నర్తకి అట. తుంటికి ఆపరేషన్ అయ్యి చేతికర్రతో నడిచేది గాని, కుర్చీలో కూర్చుంటే ఆవిడ వెన్నెముక చూసి మనం సర్దుకుని కూర్చోవాల్సి వచ్చేది. ఇంట్లో మేం కర్ర మేడమ్ అనేవాళ్ళం. మొదటి రోజే నన్ను చూసి మొహమంతా వెలిగించుకుని, "ఇండియా! నువ్వు ఏ నాట్యం చేస్తావు?" అని అడిగింది. (ఇంగ్లీషులోనే అడిగింది, నాకు మాత్రం ఆవిడ మాటలన్నీ తెలుగులోనే గుర్తుండిపోయాయి.) ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. అమెరికాలో పుట్టిన తెలుగు ఆడపిల్లల్లో కాళ్ళకి గజ్జె కట్టనిది నాకు ఇంతవరకూ కనబడలేదు. కూచిపూడికి పల్లెవెలుగు బస్సులో గంట దూరంలో పుట్టిన నాకు మాత్రం తకిట అంటే ఏమిటో తెలియదు. మా వైపు ఎంపీసీలో చేరిన పిల్లకి దేవుడు కాళ్ళిచ్చింది హాస్టల్ నుంచి క్లాసుకి నడవడానికే. ఆ మాట చెబితే దేశం పరువు పోతుందేమోనని, "కొంచెం కొంచెం వచ్చండీ" అనేశాను. నుదుట బొట్టుంది కాబట్టి ఆవిడ నమ్మేసింది.

పుస్తకం నాలుగు వందల పేజీలు. చదువుతుంటే తెలిసింది, ఈ బ్యాలే అనేది మహారాజుల చలవ అని. ఫ్రాన్సులో ఒక రాజుగారు సూర్యుడి వేషం కట్టి సభలో తనే ఆడేవారట. రాజుగారు ఆడుతుంటే బాగాలేదనే మొనగాడు ఎవడుంటాడు? అలా ఆ కళ వృద్ధిలోకి వచ్చింది. ఆయనకి ఒళ్ళొచ్చాక మానుకుంటే, అప్పుడు ఆడడం వచ్చినవాళ్ళకి అవకాశం దొరికింది. మరికొన్నాళ్ళకి ఆడవాళ్ళు గాల్లో తేలుతున్నట్టు కనిపించాలని వాళ్ళని కాలివేళ్ళ కొసల మీద నిలబెట్టారు. (వేళ్ళు నెత్తురోడిన సంగతి కింద చిన్న అక్షరాల్లో ఉంది.) ఇదంతా చూసి చూసి విసుగెత్తిన కొందరు అమెరికా ఆడవాళ్ళు ఆ జోళ్ళు విసిరికొట్టి, ఉత్తి కాళ్ళతో ఆడి, నేల మీద పడడం కూడా నాట్యమే పొమ్మన్నారు. పారిస్‌లో ఒక కొత్త బ్యాలే మొదటి ప్రదర్శనకి జనం అరుచుకుని, గోలగోల చేశారట. పుస్తకం దీన్ని కళాచరిత్రలో మహాఘట్టం అంది. మా ఊళ్ళో పెద్ద హీరో సినిమా విడుదలైన ప్రతిసారీ ఈ మహాఘట్టం జరుగుతుంది, మనవాళ్ళు పుస్తకాలు రాసుకోరు, అంతే తేడా.

ఇంత మంచి కథని నేను కథలా చదవలేదు. నాకు నేర్పిన పద్ధతి వేరు. మా రెసిడెన్షియల్ కాలేజీలో పాఠం అంటే పైనున్న శీర్షిక నుంచి పేజీ అడుగున ఉన్న అంకె దాకా గట్టిగా పైకి చదవడం. అంకె కూడా ఎందుకంటే, ఎంతవరకూ వచ్చామో తెలియాలిగా. అలా ఇరవైసార్లు చదివితే పేజీ మొత్తం నోట్లో కూర్చుంటుంది. బుర్రతో పని లేదు. మా కరీంనగర్ రూమ్మేట్ మూడు వారాలు ఓపిక పట్టింది.

"ఏందే, పొద్దుగాల లేవంగనే గా రాజు కాళ్ళ ముచ్చటేంది నాకు?" అంది చివరికి, దుప్పట్లోంచి తల బయటపెట్టి. "నిన్న బస్సుల నాక్కూడా అదే నోట్లకొచ్చింది. పక్కనోడు లేచి వేరే సీట్ల కూసున్నడు."

మిడ్‌టర్మ్ పరీక్ష నేను రాసినట్టు ఎవరూ రాసి ఉండరు. మూడు గంటల పరీక్ష గంటన్నరలో ముగించి, మిగిలిన గంటన్నరా పక్కవాళ్ళని జాలిగా చూస్తూ కూర్చున్నాను. వారం తరవాత కర్ర మేడమ్ నుంచి మెయిల్ వచ్చింది, ఫలానా రోజు డీన్ ఆఫీసుకి రమ్మని. బహుమతి ఇస్తారనుకున్నాను. సీనియరక్క కూడా అదే అంది, వెళ్ళేటప్పుడు తన కోటు కూడా ఇచ్చింది.

గదిలో అటు మూడు కుర్చీలు, ఇటు ఒకటి. మేడమ్, టై కట్టుకున్న ఒకాయన, అన్నీ రాసుకునే ఒకావిడ. నా ఆన్సర్ పేపరు బల్ల మీద ఉంది, దాంట్లో ఒక వాక్యం చుట్టూ ఎర్ర సున్నా. మేడమ్ చదివింది.

"రాజుగారి కాళ్ళను నలభై ఏడు సభలోని వారందరూ ఎంతగానో మెచ్చుకునేవారు." కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఈ నలభై ఏడేమిటి? ఆయనకి నలభై ఏడు కాళ్ళా?"

"కాదండీ, పేజీ నంబరు" అన్నాను. నిజం చెబితే ఎవరైనా సంతోషిస్తారనే నమ్మకం నాకు అప్పటికింకా ఉంది.

టై ఆయన గొంతు సవరించుకున్నాడు. పరీక్ష హాల్లోకి పుస్తకం ఎలా తెచ్చావని అడిగాడు. తేలేదు, నాకు నోటికొచ్చు అన్నాను. నోటికొచ్చు అనే మాటకి ఆయనకి తెలిసిన ఇంగ్లీషులో అర్థం లేదు. కాపీ అని తేలితే కోర్సులో ఎఫ్, యూనివర్సిటీ నుంచి సస్పెన్షన్, ఆ సంగతి ఇమిగ్రేషన్ వాళ్ళకి కూడా తెలియజేయాల్సి ఉంటుందని ఎంతో సౌమ్యంగా వివరించాడు. విమానాశ్రయంలో నాన్న మొహం ఎలా ఉంటుందో కూడా కనబడింది. అప్పుడింక సిగ్గు వదిలేసి, "ఏ పేజీ అయినా తియ్యండి సార్, మొదటి మూడు మాటలు అందివ్వండి" అన్నాను.

ఆయన మధ్యలోంచి ఒక పేజీ తీశాడు, మూడు మాటలు చదివాడు. నేను అందుకున్నాను. పేరా అయింది, పేజీ అయింది, నూట పన్నెండు అన్నాను, తిప్పాను. అంటే ఆయన తిప్పాడు. చిత్రాల కింద రాసిందీ వదల్లేదు: "నర్తకి, తైలవర్ణ చిత్రం, ఒక ప్రైవేటు సేకరణ నుండి." అధ్యాయం చివరి ప్రశ్నలు కూడా అప్పజెప్పాను, జవాబులు రాకపోయినా. ఆయన వేలు పెట్టి వెంబడే వస్తూ వస్తూ చివరికి పుస్తకం మూసేసి, "ఒక్క కామా పోయింది" అన్నాడు నీరసంగా. రాసుకునే ఆవిడ రాయడం ఎప్పుడో మానేసింది. కర్ర మేడమ్ ఒక్కతే పుస్తకం వైపు చూడలేదు. మొదటి నుంచీ నన్నే చూస్తోంది.

"నువ్వు కాపీ కొట్టలేదు" అంది. నేను లేచి నిలబడబోయాను. "కూర్చో. ఆ అమెరికా ఆడవాళ్ళు జోళ్ళు ఎందుకు విడిచేశారు?"

"నూట తొంభై రెండో పేజీలో..." అని మొదలెట్టాను.

"పుస్తకం వద్దు. నీకేమనిపించింది?"

నాలుగు వందల పేజీలున్న నా నోట్లో నాది అనే ముక్క ఒక్కటీ లేదు. నన్ను దొంగ అన్నప్పుడు కూడా అంత సిగ్గు వెయ్యలేదు.

మేడమ్ షరతు ఒకటే పెట్టింది. మిడ్‌టర్మ్ రద్దు. దాని బదులు రెండు వారాల్లో స్టూడియోలో క్లాసు ముందు రెండు నిమిషాలు ఏదైనా చేసి చూపించాలి, పుస్తకంలో లేనిది, నాదైనది. "నీకు ఇండియన్ డాన్స్ వచ్చన్నావుగా" అని గుర్తు కూడా చేసింది. చెయ్యలేకపోతే సున్నా. ఆ సున్నా వస్తే జీపీఏ మూడుకి చేరదని లెక్క కట్టడానికి మాత్రం నాకు అల్గారిథమ్స్ అక్కర్లేకపోయింది.

"వాళ్ళకేం తెలుసే" అంది సీనియరక్క, ఈసారి మా పెరుగు వడ్డించుకుంటూ. "చేతులు తామరపువ్వులా పెట్టి కళ్ళు అటూ ఇటూ తిప్పు. మధ్యలో ఒకసారి కృష్ణుడిలా నిలబడు. ఆహా ఓహో అంటారు." నేను రెండు వారాలూ వంటింట్లో అదే సాధన చేశాను. మా రూమ్మేట్ ఒకరోజు గడపలో నిలబడి చూసి, "దోమలు కొడుతున్నవా?" అని నిజంగానే అడిగింది.

స్టూడియో అంటే మూడు వైపులా అద్దాలు. ఒక నేను తప్పు చేస్తే సరిపోదని, ముగ్గురు నేనులు చెయ్యాలి. పన్నెండుమంది క్లాస్‌మేట్లు గోడకి ఆనుకుని కూర్చున్నారు. తామరపువ్వు పెట్టాను, కళ్ళు తిప్పాను, కృష్ణుణ్ణి అయ్యాను. ఇరవై సెకన్లు కాగానే కర్ర నేల మీద టక్కుమంది.

"ఇది నీది కాదు" అంది మేడమ్.

"మరి నాదేదీ లేదండీ" అన్నాను.

"ఉంది. ఆ రోజు అప్పజెప్పినప్పుడు చేశావు. కింద కూర్చుని ఇంకోసారి అప్పజెప్పు."

ఏమిటో అర్థం కాకపోయినా బాసిపట్టు వేసుకుని కూర్చున్నాను. ఏ పేజీయో మొదలుపెట్టాను. నాలుగో వాక్యానికి అద్దంలో కనబడింది, నేను ఊగుతున్నానని. ముందుకీ వెనక్కీ, తూకంగా, నడుం దగ్గర్నుంచి. హాస్టల్లో తెల్లవారకముందే స్టడీ అవర్‌కి రెండు వందలమంది ఆడపిల్లలం నేల మీద కూర్చుని ఇలాగే ఊగుతూ చదివేవాళ్ళం. ఊగడం ఆగితే నిద్రపోయినట్టు, నిద్రపోతే వార్డెన్ వచ్చినట్టు. నా పక్కన కూర్చునే పిల్ల ఊగుతూనే నిద్రపోవడం నేర్చుకుంది. నాకు ఆ విద్య పట్టుబడలేదు.

"ఇప్పుడు మాటలు తీసెయ్" అంది మేడమ్ మెల్లగా.

నోరు మూశాను. ఒళ్ళు ఆగలేదు. మాటల్లేకుండా ఊగుతుంటే, ఆ హాల్లో ట్యూబులైట్ల రొద, ఫినాయిలు వాసన, పదహారేళ్ళ నేను, అన్నీ కలిసి మీదపడ్డాయి. అక్కడ రెండేళ్ళలో నేను ఒక్కసారి కూడా ఏడవలేదు, టైమ్‌టేబుల్లో లేదు కాబట్టి. ఆ బాకీ అంతా ఆ అద్దాల గదిలో, పన్నెండుమంది అమెరికన్ల ముందు వెక్కి వెక్కి తీర్చుకున్నాను, ఊగడం మాత్రం ఆపకుండా. అందరూ చప్పట్లు కొట్టారు. ముక్కుకి రింగు పెట్టుకున్న కుర్రాడొకడు నా దగ్గరికొచ్చి, యంత్రాల చేతిలో చిక్కిన మానవుడి వేదన అద్భుతంగా చూపించావన్నాడు. థాంక్స్ చెప్పాను.

మేడమ్ కోర్సుకి బి ఇచ్చింది. అంత ఏడ్చినా బియే. జీపీఏ సరిగ్గా మూడుకి వచ్చి ఆగింది, విమానం నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. సీనియరక్క ఆ తరవాత కూడా జూనియర్లందరికీ ఆ కోర్సు సిఫారసు చేసింది, "మావాళ్ళమ్మాయి ఊరికే కింద కూర్చుని పాసైపోయింది" అని.

పదేళ్ళయ్యాక, పెళ్ళయి మోరిస్‌విల్ అనే ఊళ్ళో స్థిరపడ్డాక, మావారి ఆఫీసులో ఎవరో వద్దన్న రెండు టికెట్లు మా చేతికొస్తే మొదటిసారి నిజంగా డాన్స్ చూడ్డానికి వెళ్ళాను. రెండో అంశంలో ఒకావిడ ఉత్తి కాళ్ళతో వచ్చి, నేల మీద పడడం, లేవడం, మళ్ళీ పడడం. అంతే, ఇంకేం చెయ్యలేదు. నాలుగు వందల పేజీల్లోంచి ఒక్క వాక్యం కూడా నాకు గుర్తు రాలేదు. చీకట్లో చున్నీ తడిసిపోయింది. మావారు అప్పటికే హాయిగా నిద్రపోతున్నారు.

బయటికొచ్చి కారు దాకా నడుస్తుంటే, "ఆవిడ ఎందుకలా ఊరికే పడిపోతోంది? నీకేమన్నా అర్థమైందా?" అని అడిగారు. ఇంటర్వెల్‌లో చేతికిచ్చిన బ్రోషర్‌ని నేను అప్పటికే అట్ట నుంచి అట్ట దాకా చదివేశాను, దంతవైద్యుడి ప్రకటనతో సహా. పార్కింగ్ లాట్ మధ్యలో నిలబడి గడగడా అప్పజెప్పాను. "అబ్బో, నీకింత తెలుసా!" అని ఆయన మురిసిపోయారు, దారంతా మెచ్చుకుంటూనే డ్రైవ్ చేశారు. నేను ఏడ్చిన సంగతి మాత్రం చెప్పలేదు. అది అప్పజెప్పడం నాకింకా రాదు.