మూడో పిలుపు

మొన్న సాయంత్రం బెంజ్ సర్కిల్ దగ్గర మా అపార్టుమెంటులో కరెంటు పోయినప్పుడు, కింద ఎవరో తల్లి తన పిల్లను ‘పాపా’ అని రెండుసార్లు పిలిచి ఊరుకుంది. మళ్లీ పిలుస్తుందేమోనని, చేతిలోని అగ్గిపుల్ల వేలికి చురుక్కుమనేదాకా నిలబడిపోయాను.

మన వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు గానీ, ఆ రోజుల్లో దీపాలు పెట్టాక బయటినుంచి ఎవరు పిలిచినా మూడో పిలుపుకు గానీ పలికేవాళ్లం కాదు. మనుషులు కానివి మూడోసారి పిలవలేవని పెద్దవాళ్ల నమ్మకం.

డెబ్భై ఏడు నవంబరు పంతొమ్మిది, శనివారం. తేదీల విషయంలో నేను పొరపాటు పడను. దివిసీమలో చేపలు ఎండబెట్టి అమ్ముకుంటూ ఒంటరిగా ఉండే మా అమ్మను ఆ రోజు ఉప్పెన తీసుకుపోయింది. నేను బెజవాడలో కాలువ ఒడ్డున పిన్ని ఇంట్లో ఉండి టైపు నేర్చుకుంటున్నాను కనుక మిగిలాను. అమ్మ శవం దొరకలేదు. నెల తిరక్కముందే, పిన్ని దీపం వెలిగించే వేళకు, కాలువ వైపునుంచి ‘పాపా, ఓ పాపా’ అని అచ్చంగా అమ్మ గొంతు వినిపించడం మొదలైంది. రెండే పిలుపులు. మూడోదాని కోసం చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని, అన్నం సయించక, నిద్రపట్టక, చివరికి టైపు క్లాసుకు కూడా వెళ్లలేక. సంగతి చెబితే పిన్ని గడపకు అడ్డంగా కూర్చుంది.

“పలికావంటే చంపేస్తా! అది మీ అమ్మ కాదే, మా అక్క గొంతు పెట్టుకొచ్చిన ఇంకేదో. పలికితే నిన్నూ తీసుకుపోద్ది.”

పలకకుండా ఉండలేక, పలికే ధైర్యం లేక, రాయడం మొదలుపెట్టాను. టైపులో పాడైన కాగితాల వెనక వైపున, అమ్మ చేతుల ఉప్పు వాసన, ఎండే చేపల మీద కాకులు వాలకుండా ఆమె కప్పే పాత వల, ఏది గుర్తొస్తే అది, కవితలాగా. “ఏంటే, కవయిత్రివైపోయావా? అక్కడ పప్పు మాడుతోంది” అని పిన్ని ఎగతాళి చేసేది గానీ, రాసిన రోజున నేను నాలుగు ముద్దలు ఎక్కువ తింటున్నానని కనిపెట్టి, కాగితాలు తనే వెతికి తెచ్చిచ్చేది.

ఒకనాడు ఆ రెండు పిలుపులూ అయ్యాక, మూడోది నేనే రాసి, పైకి చదివాను.

‘పాపా!
మూడోసారి నువ్వు పిలవలేవు కనుక
నీ బదులు నేనే పిలుచుకున్నానమ్మా.
ఇదిగో, పలుకుతున్నాను, నేనిక్కడే ఉంటాను;
నీళ్లలో నిలబడింది చాలు, నువ్వు వెళ్లు.’

వంటింట్లోంచి పిన్ని గరిటెతోనే పరుగున వచ్చింది, ముఖం పాలిపోయి.

“ఎవరే పిలిచింది? అక్క గొంతే!”

చదివింది నేనేనని చెప్పాను. ఆ మొదటి మాట మాత్రం నా నోటినుంచి వచ్చినట్టు నాకూ అనిపించలేదు.

ఆ తర్వాత కాలువ వైపునుంచి ఏ పిలుపూ రాలేదు. తిండి సయించింది, నిద్ర పట్టింది, టైపు పరీక్షా పాసయ్యాను. ఇప్పుడు మనుషులు పోయినా వాళ్ల గొంతులు ఫోనుల్లో ఉండిపోతున్నాయి, కావలసినప్పుడు పిల్లలు నొక్కి వింటున్నారు. నాకు ఆ కవిత అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది గానీ, మా అమ్మ గొంతు ఎలా ఉండేదో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. వెళ్లమన్నది నేనే.